తూటాలకు బొట్టు

2022. వానాకాలం చివరి రోజులు. వరంగల్ స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో మా దుకాణం. అటు పక్క ఇత్తడి సామాన్ల కొట్టు, ఇటు పక్క విత్తనాలు, పురుగుమందుల కొట్టు, మధ్యలో తుపాకులు, తూటాలు అమ్మే మా దుకాణం. నాన్న పెట్టింది. ఆయన పోయాక లైసెన్సు నా పేరు మీదికి మార్పించుకుని నేనే నడుపుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు గల్లాపెట్టె దగ్గర చీర కట్టుకున్న మనిషిని చూసి, ఒకసారి బయటికెళ్ళి బోర్డు చదువుకుని మళ్ళీ లోపలికి వస్తారు. "సేటు లేడా అమ్మా?" అంటారు. "నేనే సేటును, చెప్పు" అంటాను. ఇప్పుడు అలవాటైపోయింది గాని మొదట్లో ఒళ్ళు మండేది.

చాలామంది ఊహించుకున్నట్టు ఇదేమీ సినిమాల్లో కనిపించే దుకాణం కాదు. మా దగ్గరికి వచ్చేది బ్యాంకు గార్డులు, అడవి పందుల నుంచి చేను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న రైతులు, తాతల నాటి తుపాకీని ఏడాదికోసారి శుభ్రం చేయించుకునే పెద్దమనుషులు. వీళ్ళు కాక గురి పోటీలకు వెళ్ళే పిల్లలు కొద్దిమంది. నాకు ఇష్టమైన గిరాకీ ఈ పిల్లలే. వీళ్ళ దగ్గర లాభం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. అయితేనేం, వీళ్ళు కొన్న తూటాతో కాగితానికి తప్ప ఎవరికీ చిల్లు పడదు.

అలాంటి పిల్లల్లో ఒకతె మౌనిక. రఘునాథపల్లి దగ్గర పత్తి పండించే ఇంటి పిల్ల, హన్మకొండలో డిగ్రీ చదివేది. ఆమె మేనమామ కొమురయ్య పటాలంలో హవల్దారుగా చేసి రిటైరై, ఊరి బయట వదిలేసిన ఒక పాత క్వారీలో చిన్న రైఫిల్ క్లబ్బు నడిపేవాడు. మట్టికట్ట, రేకుల షెడ్డు, నాలుగు రైఫిళ్ళు, ఒక ఇనుప బీరువా, అంతే ఆ క్లబ్బు. కొమురయ్య గొంతు ఎంత పెద్దదంటే, ఆయన మా సందు మొదట్లో మాట్లాడితే నేను లోపల లైసెన్సు బుక్కు తీసి పెట్టుకునేదాన్ని.

ఆరోజు మామ, కోడలు ఇద్దరూ వచ్చారు. వెనకాల మౌనిక తల్లి సమ్మక్క, చేతిలో బట్టసంచితో గడప దగ్గరే ఆగిపోయింది.

"చెల్లె, ఆ మిల్లు క్లబ్బు సరుకు నీ దగ్గరికి అచ్చిందట గదా? దాచిపెట్టకు, ఇటు తియ్యి" అన్నాడు కొమురయ్య.

"దాచిపెట్టుకోవడానికి అదేమన్న బంగారమా అన్నా? ముందుగాల కూసో."

సంగతేమిటంటే, దసరా అయ్యాక హైదరాబాదులో రాష్ట్ర స్థాయి పోటీ ఉంది. మౌనిక పడుకుని కాల్చే యాభై మీటర్ల పోటీలో పాల్గొనాలి. జూనియర్‌గా ఆమెకు అదే ఆఖరి ఏడు. అక్కడ కావలసిన మార్కు తెచ్చుకుంటే జాతీయ పోటీకి వెళుతుంది. తప్పితే, వచ్చే ఏడు సొంత రైఫిళ్ళు, విదేశీ జాకెట్లు ఉన్న సీనియర్ల మధ్య క్లబ్బు రైఫిల్‌తో నిలబడాలి. అలా నిలబడి గెలిచినవాళ్ళు లేరని కాదు, కాని ఆ దారి చాలా పొడుగు. పోటీ కోసమని తయారై విదేశాల నుంచి వచ్చే మ్యాచ్ తూటాలేమో కరోనా అప్పటి నుంచి సరిగా రావడం లేదు. నా అలమారలో ఆ వరస ఖాళీగా ఉంది.

ఉన్నదల్లా సర్‌ప్లస్. అంటే ఒకరు కొనుక్కుని వాడకుండా మిగిల్చిన సరుకు. ఒక మిల్లుకు ఒకప్పుడు సొంత రైఫిల్ క్లబ్బు ఉండేది. మిల్లు మూతపడ్డాక ఆ తూటాలు కలెక్టరాఫీసు అనుమతితో నా దగ్గరికి వచ్చాయి. పాయింట్ టూ టూ తూటాలు, చిటికెన వేలిలో సగం ఉంటాయి. ఇత్తడి గొట్టం, ముందు సీసం గుండు, దాని మీద పల్చగా మైనం.

పాత సరుకు అనగానే కొందరు చవకని ఎగబడతారు, కొందరు పాతదని మొహం తిప్పుకుంటారు. రెండూ తొందరపాటే. నేను ముందు అడిగేది ఆ తూటా ఇన్నాళ్ళూ ఎక్కడ పడుకుందని. మిల్లులో రెండు అలమారలుండేవి. ఒకటి చెమ్మ గోడకు ఆనుకుని ఉండేది. దానిలోంచి వచ్చిన డబ్బాలను నేను తెరిచి కూడా చూడలేదు, నాశనం చేయడానికి పంపించేశాను. రెండోది పొడి గదిలో ఉండేది. దానిలోనివి ఒక్కొక్కటి తీసి చూశాను. ఇత్తడి మీద పచ్చటి చిలుము ఉందా, గుండు వేళ్ళతో తిప్పితే తిరుగుతోందా, మైనం ఎండి పొట్టు రేగిందా అని. అవేవీ లేవు. కాని దానిలోనూ రెండు లాట్లున్నాయి. లాట్ అంటే ఫ్యాక్టరీలో ఒక్క విడతగా, ఒకే మందుతో తయారైన సరుకు. కంపెనీ ఒకటే, పేరు ఒకటే, తూటా చూడ్డానికి ఒక్కలాగే ఉంటుంది. డబ్బా మీద నంబరు తప్ప తేడా తెలియదు. గందరగోళం ఉండకూడదని ఒక లాట్ డబ్బాల మీద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టాను, ఇంకోదానికి నీలి గీత.

ఇవన్నీ చెబుతుంటే కొమురయ్య ఫోను తీసి నా మొహం ముందు పెట్టాడు. ఎక్కడో విదేశంలో ఒకాయన బల్ల ముందు కూర్చుని కాలిన తూటాల్లో మళ్ళీ మందు నింపుతున్నాడు. రీలోడింగ్ అంటారు దాన్ని.

"చూడు చెల్లె, వాళ్ళు ఖాళీలు పారేస్తలేరు. ఇంట్లనే నింపుకుంటాండ్రు. మనం గూడ గిట్ల జేస్తే ఎవ్వన్నీ బతిమాలే పనే లేకపాయె."

"అన్నా, అది పెద్ద రైఫిల్ తూట. దాని ప్రైమర్, అదే నిప్పు పుట్టించే చిన్న మూత, అడుగున నడిమిట్ల ఉంటది. కాలినంక ఊడదీసి కొత్తది పెడ్తరు. మన చిన్న తూటకు ఆ మందు అంచు లోపట్నే పూసి ఉంటది. సూది పోయి ఆ అంచును నలిపిందంటే దాని పని ఖతం. ఎవడూ మళ్ళ నింపలేడు. ఇగ పెద్దదానికైనా, మన దగ్గర పర్మిషన్ లేకుండ ఇంట్ల నింపితే నేరుగ జైలుకే."

"నువ్వు ఏదడిగినా జైలంటవ్."

"నువ్వు అడిగేవన్నీ అటే పోతానయ్ మరి."

మౌనిక కిసుక్కున నవ్వింది. గడప దగ్గర నిలబడిన సమ్మక్క మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళు అలమారలోని డబ్బాల మీద ఉన్నాయి. లోపలికి రమ్మంటే, "వద్దక్కా, గీ సామానంటే నాకు బుగులు" అంది. పోయే ముందు ఒక్క మాట అడిగింది. "బిడ్డకు మంచియే ఇయ్యుండ్రి అక్కా."

"మంచియే ఇస్త సమ్మక్కా, ఫికర్ జెయ్యకు" అన్నాను.

మంచిదేదో తేల్చడం నా చేతుల్లో ఉండదు. రైఫిల్ తేల్చాలి. ఒక్కో రైఫిల్ గొట్టానికి ఒక్కో లాట్ నచ్చుతుంది, ఎందుకని అడిగితే పెద్ద పెద్దవాళ్ళు కూడా భుజాలెగరేస్తారు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే పప్పు పెడితే ఒకడు తిని ఒకడు లేచిపోయేవాడు, అట్లాంటిదే. ఒక ఆదివారం రెండు లాట్లూ తీసుకుని క్వారీకి వెళ్ళాను. మౌనిక చాప మీద బోర్లా పడుకుని ఎర్రగీత డబ్బాలోంచి అయిదు కాల్చింది. కాగితం తెచ్చి చూస్తే, అయిదు చిల్లులూ రూపాయి బిళ్ళ కింద దాక్కునేటంత దగ్గరగా ఉన్నాయి. ఈ గుంపునే మేము గ్రూప్ అంటాం. నీలిగీతవి కాల్చింది. అవి కాస్త చెదిరాయి.

"ఎర్రది సక్కగ పోతాంది ఆంటీ" అంది మౌనిక, నీలివాటి కాగితం ఇంకా తేకముందే. "నీలిది జర కిందికి కొడ్తాంది. ఎడమకు గూడ కొంచెం."

చెప్పినట్టే ఉంది కాగితం. ఎర్రవి పోటీకి, నీలివి సాధనకు అని తేల్చుకున్నాం. మామాకోడళ్ళను కూర్చోబెట్టి చెప్పాను. రెండు లాట్లూ కలపొద్దు, డబ్బాలోంచి తీస్తే మళ్ళీ అందులోనే పెట్టాలి. మైనం తుడవొద్దు, అది మురికి కాదు, రైఫిల్ గొట్టంలో గుండు సాఫీగా పోవడానికి పెట్టింది. తడి తగలనివ్వొద్దు. ఇద్దరూ తలూపారు. సమ్మక్క ఆరోజు పత్తిచేలో ఉంది.

క్లబ్బు లైసెన్సు మీద సరుకు రాసి ఇచ్చేటప్పుడు ప్రతి లాట్‌లోంచి ఒక డబ్బా, పరీక్షకు తెరిచిన డబ్బాలో మిగిలినవి నేను ఉంచేసుకున్నాను. ఇది నాన్న పెట్టిన పద్ధతి. పోటీకని ఎవరికి ఏ లాట్ అమ్మినా కొంచెం దుకాణంలో ఆపేవాడు. కొన్నవాళ్ళు మొత్తం వాడి, బాగుందని చెప్పేదాకా దాన్ని ఇంకెవరికీ అమ్మేవాడు కాదు. "తూట మీద ఫిర్యాదు అస్తే తూటనే సాక్ష్యం చెప్పాలె బిడ్డా" అనేవాడు.

కొమురయ్యకు కోపం వచ్చింది. "గా ఒక్క డబ్బ గూడ ఇస్తే నీ సొమ్మేం పోతది? నీ అంత పిసినారి దుకాణదారు జిల్లాల లేదు."

"ఇంకో జిల్లాల ఉంటే అక్కడికి పో అన్నా" అన్నాను.

దసరా వచ్చింది. మా దుకాణంలో ఆయుధపూజ కూడా నాన్న పద్ధతే. తుపాకీకి బొట్టు చెక్క మీద పెట్టాలి, ఇనుము మీద పెట్టకూడదు. తూటాలను అసలు బయటికి తీయకూడదు, అలమార తలుపుకు బొట్టు పెట్టి దండం పెట్టుకోవాలి. పూజ ముగించి, సందులో వాళ్ళకు జమ్మి ఆకు ఇచ్చి, రావణ దహనం చూడటానికి ఉర్సు గుట్టకు పోదామని తయారవుతుంటే ఫోను మోగింది. కొమురయ్య. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"చెల్లె, నువ్వొక్కసారి రావాలె."

స్కూటీ వేసుకుని వెళ్ళాను. షెడ్డులో బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, రైఫిళ్ళు వరసగా పెట్టి, బంతిపూల దండలు వేశారు. వాటి ముందు పెద్ద ఇత్తడి తాంబాళం. తాంబాళంలో తూటాలు. మధ్యలో చిన్న గుండ్రం, దాని చుట్టూ ఇంకోటి, దాని చుట్టూ ఇంకోటి, ముగ్గు వేసినట్టు నిలబెట్టి ఉన్నాయి. ప్రతి తూటాకూ పసుపు, పసుపు మీద కుంకుమ చుక్క. ఇత్తడి ధగధగా మెరిసిపోతోంది. నిజం చెప్పాలంటే అంత అందంగా సర్దిన తూటాలను నేను ఈ వ్యాపారంలో చూడలేదు. పక్కనే ఖాళీ డబ్బాలు, ఎర్రగీతవీ నీలిగీతవీ కలిసి, పద్ధతిగా పేర్చి ఉన్నాయి.

జరిగింది ఇది. పాలపిట్టను చూడటానికి కొమురయ్య పిల్లలందరినీ తీసుకుని పొలాల వైపు వెళ్ళాడు. పూజకు సర్దమని బీరువా తాళంచెవి సమ్మక్క చేతిలో పెట్టాడు.

"హవల్దారుగ చేసినోనివి, తాళంచెవి ఎట్ల ఇడిచిపెట్టినవ్ అన్నా?" అని అడిగాను.

"సొంత చెల్లెకే గదా ఇచ్చిన" అన్నాడు, నేల చూస్తూ.

సమ్మక్కకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. భయం భయంగా నాకు చెప్పుకుంది. "జిడ్డు జిడ్డుగున్నయక్కా. అంత జిడ్డుతోని దేవుని ముంగట ఎట్ల పెడ్తం? ఇంట్ల కొడవలి, పార, గొడ్డలి అన్నీ కడిగే గద పెడ్తం. ఇయి ఇత్తడే గదా అని చింతపండు నీళ్ళల్ల జర నానబెట్టి తోమిన. పొద్దున్నుంచి తోమిన. ఒక్కటి గూడ ఇడువలే."

దేవుడి సామాను ఎలా తోముతారో అలాగే తోమింది పాపం. మైనం మొత్తం పోయింది. పులుపు నీళ్ళు ఇత్తడి అంచుల్లోకి దిగాయి. లాట్లు రెండూ కలిసిపోయాయి, డబ్బా లేకపోతే ఏది ఎర్రదో ఏది నీలిదో వాటిని తయారు చేసినవాడు కూడా చెప్పలేడు. ఇది ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పాను. ఆమె అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. "బిడ్డ నోట్లె మన్ను గొట్టిన" అని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొమురయ్యకు ఫోనులో చూసిన వీడియోలు గుర్తొచ్చాయి. "ఎండల ఆరబెడ్త చెల్లె. క్యాండిల్ కరగబెట్టి మళ్ళ మైనం పూస్త. కావాల్నంటే గుండ్లు పీకి మందు గూడ మారుస్త."

"ముట్టకు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "వీటిల ఒక్కటి గూడ రైఫిల్‌ల పోవద్దు."

ఎందుకో ఆయనకూ తెలుసు, ఆశ కొద్దీ అడుగుతున్నాడు. తూటాలో మందుకు తడి తగిలితే అది సగం బలంతోనే పేలుతుంది. గుండు బయటికి పోకుండా రైఫిల్ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దాన్ని స్క్విబ్ అంటారు. చప్పుడు చిన్నదిగా వస్తుంది, కాల్చేవాళ్ళు గమనించక ఇంకోటి పెట్టి కాలుస్తారు. అప్పుడు గొట్టమే పగలొచ్చు. పగిలేది చెంప ఆనించుకున్నచోటుకు జానెడు దూరంలో.

"వందల ఒక్కటి గట్లయితదేమో" అన్నాడు కొమురయ్య.

"ఆ ఒక్కటేదో నువ్వు ఏరి పక్కకు పెట్టు. మిగిలినయి నేనే లోడ్ జేసి ఇస్త."

మౌనిక వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే తల్లి మీద అరుస్తుందనుకున్నాను. ఆ వయసులో నేనైతే క్వారీ అదిరేలా అరిచేదాన్ని. ఆ పిల్ల వెళ్ళి తల్లి పక్కన మట్టిలో కూర్చుని, ఆమె చేతులు ఒడిలోకి తీసుకుని చూసింది. చింతపండుకు వేళ్ళు మడతలు పడి తెల్లగా ఉన్నాయి. "ఎన్నో తోమినవమ్మా. చేతులు నొస్తానయా?" అంది. నేను మొహం పక్కకు తిప్పుకోవలసి వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది నాన్న డబ్బా. దుకాణం అలమారలో ఎర్రగీత డబ్బా ఒకటి, తెరిచినదాంట్లో మిగిలినవి కొన్ని ఉన్నాయి. పిసినారిదాన్నని తిట్టించుకుని దాచినవి. లెక్క వేసుకున్నాం. పోటీలో మార్కులకు కాల్చవలసినవాటికి సరిపోతాయి, పైన ఒకటో రెండో మిగులుతాయి. కాని పోటీకి ముందు సైటర్లుంటాయి. అంటే లెక్కలోకి రాకుండా, గురి సరిచూసుకోవడానికి కాల్చుకునేవి. వాటికి ఎర్రవి లేవు.

"నీలియి గూడ మీ దుకాణంల ఆపినయి ఉన్నయి గదా ఆంటీ" అంది మౌనిక. "వాటితోని సైటర్లు కొడ్త. మార్కుల గుండ్లకు ఎర్రటియి పెడ్త."

"పిచ్చి ముచ్చట" అన్నాడు మామ. "ఒకదానితోని గురి జూసుకొని ఇంకోదానితోని కొడ్తారా ఎవ్వలన్న? నీలిది కిందికి పోతదంటివి. గంత తేడా ఎట్ల సరిజేస్తవ్?"

"ఎంత కిందికి పోతదో, ఎంత ఎడమకు పోతదో నాకు యాదికున్నది మామా. నీలిదానితోని నడిమిట్ల కొట్టి, ఆ తేడాను సైటు మీద తిప్పుకుంట."

సైటు అంటే రైఫిల్ మీద గురి చూసే భాగం, దానికి చిన్న మరలుంటాయి. ఆమె చెప్పింది మాటగా తేలికే. చేయడం మాత్రం, అద్దంలో చూసుకుంటూ వేరేవాళ్ళ నుదుట బొట్టు పెట్టినట్టే. నిర్ణయం ఆమెకే వదిలేశాను. అక్కడ పడుకుని కాల్చేది ఆమె.

మర్నాడు కాగితాలు రాసి ఆ డబ్బాలు క్లబ్బుకు ఇచ్చాను. బొట్టు పెట్టినవన్నీ వెనక్కి తీసుకుని నాశనం చేయడానికి అప్పగించాను. బాధనిపించింది. ఒక ఆడమనిషి ఒక పూట ప్రేమంతా ఆ తాంబాళంలో ఉంది.

పోటీ రోజు పొద్దున్నే మా కారులో బయలుదేరుతుంటే మౌనిక ఫోను చేసింది. వాళ్ళు ముందు రోజే వెళ్ళి హైదరాబాదులో ఉన్నారు. "ఆంటీ, అమ్మ రానంటాంది. నేనస్తే ఇంక ఖరాబైతది అంటాంది. మీరు చెప్తే ఇంటది."

రఘునాథపల్లి దారిలోనే గదా. రోడ్డు మీద కారు ఆపి చేలోకి నడిచాను. సమ్మక్క పత్తి ఏరుతోంది. జుట్టునిండా పత్తి నూగు.

"నా మొఖం అక్కడ సూపెట్ట అక్కా" అంది, పని ఆపకుండానే.

"నీ మొఖం కోసం కాదు సమ్మక్కా, నా దుకాణం కోసం రా. నీ బిడ్డ గురి తప్పిందనుకో, మీ అన్న ఆ తూటలు మంచియి కావని జిల్లా మొత్తం చాటుతడు. ఆయన గొంతు నీకెరుకే గదా. నా దిక్కు చెప్పే మనిషి ఒకరుండాలె."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఒడిలో పత్తి దింపి, కాళ్ళు కడుక్కుని వచ్చి కారెక్కింది. దారి పొడుగునా నడుముకు చెక్కుకున్న చిన్న పొట్లం ఒకటి తడుముకుంటూ కూర్చుంది. ఏమిటని నేను అడగలేదు.

పోటీ జరిగే రేంజిలో, అదే గురి చూసి కాల్చే మైదానంలో, మౌనిక తన చోట బోర్లా పడుకుని ఉంది. వెనక బెంచీ మీద మేం ముగ్గురం. నీలి తూటాలతో సైటర్లు కొట్టింది, తొందర లేకుండా, ఒక్కోటి నడిమధ్యకు తెచ్చుకునేదాకా. తరవాత ఆగింది. సైటు మర తిప్పింది. చప్పుడు మాకు వినబడదు గాని, ఆమె వేలు కదలడం కనిపించింది. ఎర్రగీత డబ్బా తెరిచింది. కొమురయ్య పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు.

మొదటి గుండు కాస్త పైకి పోయింది. పదికి తొమ్మిది. కొమురయ్య మోకాలి మీద కొట్టుకున్నాడు. మౌనిక రైఫిల్ దించి, చెంప చాపకు ఆనించి కాసేపు అట్లాగే ఉండిపోయింది. తలెత్తి మరను ఇంకొక్క మెట్టు తిప్పింది. పది. మళ్ళీ పది. ఆ తరవాత ఆ పిల్ల ఎటూ చూడలేదు.

సమ్మక్కకు లక్ష్యం కనిపించదు, కనిపించినా తెలియదు. ఆమె కూతురి పాదాలను చూస్తూ కూర్చుంది. "కాలు కదుల్తలేదక్కా, మంచిదేనా?" అని నా చెవిలో అడిగింది. "గదే మంచిది" అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. పత్తికాయలు గీరిన చెయ్యి, బరకగా, వెచ్చగా ఉంది.

చివరికొస్తుండగా ఒక తూటా పేలలేదు. టిక్కుమంది అంతే. పాత సరుకులో అది ఉండేదే, ఎంత ఏరినా ఒకటి మిగులుతుంది. మౌనిక రైఫిల్‌ను ముందుకే ఉంచి చెయ్యెత్తింది. రేంజ్ ఆఫీసర్ వచ్చి నిలబడ్డాడు. అలా కాసేపు ఆగాలి, కొన్ని తూటాలు ఆలస్యంగా పేలుతాయి. ఆ కొద్దిసేపు ఒక పూటంత అనిపించింది. తరవాత దాన్ని తీసి, పైన మిగిలినవాటిలో ఒకటి పెట్టుకుంది. కాల్చింది. చివరి గుండు దాకా అట్లాగే కాల్చింది.

కావలసిన మార్కు దాటింది. ఎక్కువేమీ కాదు, గడప దాటినంత. కొమురయ్యకు గొంతు తిరిగొచ్చింది. రేంజిలో వాళ్ళు రెండుసార్లు ఊరుకోమని చెప్పవలసి వచ్చింది.

మౌనిక జాకెట్ విప్పుకుంటూ, రేంజ్ ఆఫీసర్‌ను ఏదో అడిగింది. ఆయన నవ్వి తలూపాడు. ఆమె చాప పక్కన పడి ఉన్న కాలిన తూటాల ఖాళీ గొట్టాల్లోంచి ఒకటి ఏరుకుని వచ్చి తల్లి అరచేతిలో పెట్టింది. ఇంకా కొంచెం వేడిగా ఉందేమో, సమ్మక్క చెయ్యి ఉలిక్కిపడింది.

"ఇగో అమ్మా, ఇప్పుడు పెట్టు బొట్టు. ఎంత తోముతవో తోము."

సమ్మక్క నడుములోంచి ఆ పొట్లం తీసింది. పాలకుర్తి గుట్ట మీది గుడి కుంకుమ. పొద్దుటి నుంచి దగ్గరే ఉంచుకుంది, దేనికి పెట్టినా ఏం పాడవుతుందోనని భయపడి ఎవరికీ చూపించలేదు. వేలితో ఇంత తీసి, ఆ ఖాళీ గొట్టానికి పెట్టింది. తరవాత కూతురి నుదుటికి. తరవాత నా దగ్గరికి వచ్చి నాకూ పెట్టింది. నేను ఎన్నో దుకాణాలు చూశాను, ఎందరో గిరాకీలను చూశాను. నా సరుకు కొన్నవాళ్ళు నాకు బొట్టు పెట్టడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోలేదు.

మౌనిక జాతీయ పోటీకి వెళ్ళింది. పతకం రాలేదు, ఏ అడ్డంకీ లేకుండా తన ఆట తను ఆడి వచ్చింది. ఇప్పుడు క్వారీలో చిన్నపిల్లలకు నేర్పుతోంది. నాన్న పద్ధతిని నేను ఇప్పటికీ తప్పలేదు, కొమురయ్య ఇప్పుడు తనే గుర్తు చేస్తాడు, "చెల్లె, ఒక డబ్బ ఆపినవా?" అని. నాన్న ఉండి ఆ మాట వింటే బాగుండుననిపిస్తుంది.

నేను నేర్చుకున్నది మాత్రం సమ్మక్క దగ్గర. తూటా ఎక్కడ పడుకుంది, ఏ లాట్, ఏ రైఫిల్‌కు నచ్చుతుంది అని నాన్న నేర్పినవన్నీ అడిగేదాన్ని. ఇప్పుడు ఇంకొకటి అడుగుతాను, మీ ఇంట్లో దసరాకు పూజ ఎవరు చేస్తారని. ఆ మనిషి గడప బయట ఉంటే లోపలికి పిలిచి, కుర్చీ వేసి, తూటా చేతిలో పెట్టి చెబుతాను. కాల్చే చెయ్యి ఎంత ముఖ్యమో, ప్రేమతో ముట్టుకునే చెయ్యి కూడా అంతే ముఖ్యం. ఆ చేతిని దూరంగా నిలబెట్టి జాగ్రత్తలు ఎంత చెప్పినా సగమే చెప్పినట్టు. ఈ మాట నాకు తెలియజెప్పినందుకు సమ్మక్కకు నేను రుణపడి ఉన్నాను.

దసరా పొద్దున నా దుకాణంలో ఇప్పుడు ఒక తాంబాళం పెడుతున్నాను. దాని నిండా కాలిన తూటాల ఖాళీ గొట్టాలు, లెక్క చూసి పెట్టినవి. ఎవరైనా వచ్చి బొట్టు పెట్టుకోవచ్చు. అందరికన్నా ముందు సమ్మక్క వస్తుంది, ఆకులో చింతపండు తెచ్చుకుని. ఇప్పుడు గడప దగ్గర ఆగదు. నేరుగా లోపలికి వచ్చి, కొంగు నడుముకు చుట్టుకుని, తాంబాళం ముందు కూర్చుంటుంది. ముట్టుకునే ముందు మాత్రం నా వైపు తలెత్తి ఏటా అదే అడుగుతుంది.

"అక్కా, కాలినయేనా?"

"కాలినయే సమ్మక్కా. తోము."